సంకలిత్ నగర్ నుంచి ‘బార్డర్’ దాకా

అహ్మదాబాద్ నగరానికి నైరుతి దిక్కున, సర్ఖేజ్‌కు పోయే దారిలో జుహాపురా అనే నివాస ప్రాంతం ఉంది. లక్షల మంది నివసించే ఈ శివారు, దేశంలోని అతి పెద్ద ముస్లిం వాడలలో ఒకటిగా నేడు పేరుపడింది. దీని తొలి భాగానికి పెట్టిన పేరు సంకలిత్ నగర్. తెలుగువారికి ఈ మాట పరాయిది కాదు. కథా సంకలనం, కవితా సంకలనం అని మనం వాడుతూనే ఉంటాము. విడివిడిగా ఉన్నవాటిని ఒకచోట కూర్చడమే సంకలనం. కూర్పు అనే అర్థంతో పుట్టిన పేట, మూడు దశాబ్దాలు గడిచేసరికి వేర్పాటుకు ఉదాహరణగా పరిశోధకులు చూపే పేట అయింది. ఈ మార్పు ఎలా జరిగిందో తెలుసుకోవడం గుజరాత్ ముస్లింలకే కాక తెలుగు రాష్ట్రాలలోని మనకు కూడా అత్యవసరమని మేము భావిస్తున్నాము.

1973లో సబర్మతి నదికి పెద్ద వరద వచ్చింది. నది ఒడ్డున గుడిసెలు వేసుకుని బతుకుతున్న వేలాది కూలి కుటుంబాలు ఒక్కసారిగా నిలువనీడ లేనివయ్యాయి. వారికోసం అహ్మదాబాద్ నగరపాలక సంస్థ, గృహనిర్మాణ రుణ సంస్థ హడ్కో, స్వచ్ఛంద సంస్థలైన ఆక్స్‌ఫామ్, అహ్మదాబాద్ స్టడీ యాక్షన్ గ్రూప్ కలిసి నగరం వెలుపల రెండు వేలకు పైగా చిన్న ఇళ్ళు కట్టించాయి. ఇళ్ళు కట్టి చేతులు దులుపుకోవడం వారి ఉద్దేశం కాదు. పేదవాడికి గూడుతోపాటు పని, చదువు, ఆరోగ్యం కూడా అందాలన్నది ఆ పథకం ఆశయం. అందుకే దానికి సమగ్రాభివృద్ధి పథకమని పేరు పెట్టారు. ఇళ్ళు పొందినవారిలో హిందువులు ఉన్నారు, ముస్లింలు ఉన్నారు. వరద ఎవరి మతమూ అడగలేదు, ఇల్లు ఇచ్చినవారూ అడగలేదు. నేటి జుహాపురాకు పునాది పడింది ఆ విధంగా. దీనిని ఏ మత పెద్దలూ తమవారికోసం ప్రత్యేకంగా కట్టుకోలేదు. ప్రభుత్వ సొమ్ముతో, ప్రజల సాయంతో అందరికోసం కట్టిన పేట ఇది.

ఆ చుట్టుపక్కల నేల చరిత్ర కూడా గమనించదగినది. జుహాపురాను ఆనుకుని ఉన్న సర్ఖేజ్‌లో షేఖ్ అహ్మద్ ఖట్టూ గంజ్ బఖ్ష్ సమాధి ఉంది. 1411లో సుల్తాన్ అహ్మద్ షా అహ్మదాబాద్‌కు పునాది వేసినప్పుడు అహ్మద్ అనే పేరుగల నలుగురు పుణ్యపురుషులు అందులో పాలుపంచుకున్నారని ఒక ఐతిహ్యం. ఆ నలుగురిలో ఈ షేఖ్ ఒకరు. ఆయన సమాధి చుట్టూ 15వ శతాబ్దంలో వెలసిన మస్జిదు, కొలను, రాజభవనాలు నేటికీ చూపరులను నిలబెడతాయి. సుల్తాన్ మహమూద్ బేగడా సమాధి కూడా అక్కడే. అహ్మదాబాద్ చారిత్రక నగరాన్ని 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ గౌరవంలో సుల్తానుల కాలపు కట్టడాలకు పెద్ద వాటా ఉంది. కట్టడాలను వారసత్వమని కొనియాడే నగరం, వాటిని నిర్మించిన సంస్కృతికి వారసులైన మనుషులను మాత్రం ఊరి అంచుకు నెట్టివేసింది.

ఈ నెట్టివేత ఒక్క రోజులో జరగలేదు. 1969 సెప్టెంబరులో అహ్మదాబాద్‌లో పెద్ద ఎత్తున మతకలహాలు జరిగాయి. వాటిపై విచారణ జరిపిన కమిషన్‌కు అధ్యక్షత వహించినది, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్ళిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి. మరణించినవారు 660 మంది అనీ, వారిలో 430 మంది ముస్లింలనీ ఆ కమిషన్ నమోదు చేసింది. అప్పటికింకా బట్టల మిల్లులు నడుస్తున్నాయి. మిల్లులో పక్కపక్క మగ్గాల మీద పనిచేసిన హిందూ, ముస్లిం కార్మికులు ‘చాలీ’లనబడే వరుస ఇళ్ళలో ఇరుగుపొరుగుగానే ఉంటున్నారు. గాయపడినా ఆ బంధం పూర్తిగా తెగలేదు. తరువాతి రెండు దశాబ్దాలలో మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఒకే కర్మాగారం, ఒకే కార్మిక సంఘం, ఒకే జీతపు రోజు కలిపి ఉంచిన మనుషులను కలిపి ఉంచడానికి ఇక ఏదీ మిగలలేదు.

1985 నాటి సంఘటనలు మరీ ఆలోచింపదగినవి. వెనుకబడిన వర్గాల రిజర్వేషన్లను అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 10 శాతం నుంచి 28 శాతానికి పెంచినందుకు అగ్రవర్ణాలవారు ఆందోళనకు దిగారు. ఆ వివాదంలో ముస్లింలు కక్షిదారులు కారు. అయినా కొన్ని వారాలు గడిచేసరికి కులాల మధ్య మొదలైన ఆందోళన మతకలహంగా మారింది. ఇళ్ళు తగలబడింది ముస్లిం బస్తీలలో. 1990లో, 1992 డిసెంబరులో బాబ్రీ మస్జిద్ కూల్చివేత తరువాత మళ్ళీ అదే జరిగింది. ప్రతి కలహం తరువాతా సంకలిత్ నగర్‌లోని హిందూ కుటుంబాలు కొన్ని ఇల్లు అమ్ముకుని వెళ్ళాయి. ప్రతి కలహం తరువాతా నగరంలోని మిశ్రమ బస్తీల నుంచి ముస్లిం కుటుంబాలు కొన్ని అక్కడికి చేరాయి. వెళ్ళినవారూ, వచ్చినవారూ భయంతోనే కదిలారు. వారిలో ఎవరూ సంతోషంగా గుమ్మం దాటలేదు.

2002తో ఈ ప్రక్రియ పరాకాష్ఠకు చేరింది. అప్పటి వరకు జుహాపురాకు వచ్చినవారిలో ఎక్కువమంది పేదలు. చదువుకున్నవారు, ఉద్యోగులు, వ్యాపారులు నగరం నడుమనే, అందరి మధ్యనే ఉండాలని పట్టుబట్టి ఉన్నారు. ఆ పట్టుదలకు వారు చెల్లించిన మూల్యం దేశమంతా చూసింది. హిందువులు అధికంగా ఉన్న ప్రాంతంలో ముస్లిం మధ్యతరగతివారు కట్టుకున్న గుల్‌బర్గ్ సొసైటీలో, మాజీ పార్లమెంటు సభ్యుడు ఎహ్సాన్ జాఫ్రీతో సహా 69 మంది హతులయ్యారు. గుజరాత్ హైకోర్టు న్యాయమూర్తులు ఇద్దరు, ఒకరు పదవిలో ఉన్నవారు, మరొకరు పదవీ విరమణ చేసినవారు, తమ ఇళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చిందని జాతీయ మానవ హక్కుల సంఘం ఆందోళనతో పేర్కొన్నది. న్యాయమూర్తికే రక్షణ లేని వీధిలో గుమాస్తా ఏ ధైర్యంతో ఉంటాడు? ఆ తరువాతనే వైద్యులు, న్యాయవాదులు, అధికారులు కూడా జుహాపురా దారి పట్టారు. కొత్త అపార్ట్‌మెంట్లు లేచాయి, ఇళ్ళ ధరలు పెరిగాయి, పేట విస్తరించింది.

‘వాళ్ళు వాళ్ళలోనే ఉండటానికి ఇష్టపడతారు’ అనే మాటను మనం తరచుగా వింటాము. విద్యావంతులు కూడా దీనిని సహజ విషయంలా పలుకుతారు. పైన చెప్పిన తేదీలను వరుసగా పెట్టి చూడండి: 1985, 1990, 1992, 2002. జనం కదిలిన సంవత్సరాలూ, ఇళ్ళు కాలిన సంవత్సరాలూ ఒక్కటే. ఇష్టమే కారణమైతే శాంతిగా ఉన్న ఏళ్ళలోనూ వలసలు ఇంతగానే సాగి ఉండాలి కదా. ముస్లింలు భద్రతకోసం భయంతో ఒకచోటికి చేరుతున్నారని 2006లో సచార్ కమిటీ కూడా దేశమంతటి పరిస్థితిని చూసి నిర్ధారించింది. మస్జిదుకు దగ్గరగా, బంధువులకు చేరువగా ఉండాలని కోరుకోవడం సహజమే. అటువంటి కోరిక అన్ని మతాలవారికీ ఉంటుంది. వేరే చోట ఇల్లు దొరికే అవకాశం తెరిచి ఉన్నప్పుడే దానిని ఎంపిక అంటారు. తలుపులన్నీ మూసి, మిగిలిన ఒక్క తలుపులోనుంచి లోపలికి వచ్చినవాడిని చూపించి ఇది నీ ఎంపిక అనడం న్యాయం కాదు.

ఈ తలుపులు మూయడంలో చట్టానికీ పాత్ర ఉంది. కల్లోలిత ప్రాంతాల చట్టంగా వాడుకలో ఉన్న శాసనాన్ని గుజరాత్ 1986లో తెచ్చింది, 1991లో దాని స్థానంలో మరొకటి చేసింది. ప్రకటిత ప్రాంతంలో ఇల్లు గానీ స్థలం గానీ అమ్మాలంటే కలెక్టరు ముందస్తు అనుమతి కావాలి. అమ్మేవారు ఇష్టపూర్వకంగా అమ్ముతున్నారా, న్యాయమైన ధర వస్తున్నదా అని ఆయన విచారించాలి. కలహాల భయంతో అయినకాడికి ఇల్లు తెగనమ్ముకునేవారిని కాపాడటం దీని మొదటి ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని మేము తప్పుపట్టడం లేదు. ఆచరణలో మాత్రం జరిగింది వేరు. హిందువుల ఇల్లు ముస్లిం కొనాలన్నా, ముస్లిం ఇల్లు హిందువు కొనాలన్నా అనుమతుల చుట్టూ తిరగవలసి వచ్చింది. పొరుగువారి అభ్యంతరాలు అడ్డుగోడలయ్యాయి. 2019లో తెచ్చిన సవరణ మరొక అడుగు ముందుకు వేసింది. ఒక అమ్మకం వలన ఆ ప్రాంతంలో ఒక వర్గంవారు ‘అనుచితంగా’ గుమికూడే అవకాశం ఉన్నదా, జనాభా సమతౌల్యం చెదురుతుందా అని కూడా చూసే అధికారం కలెక్టరుకు కట్టబెట్టింది. ఉల్లంఘనకు మూడు నుంచి ఐదేళ్ళ జైలు శిక్ష నిర్ణయించింది. ఈ సవరణను హైకోర్టులో సవాలు చేశారు.

ఇక్కడ ఒక వైరుధ్యం చూడాలి. ఒకచోట గుమికూడకూడదన్న పేరుతో, వేరే చోట్లకు పోయే దారిని ఈ చట్టం కష్టతరం చేస్తున్నది. మిశ్రమ ప్రాంతంలో ఇల్లు కొనలేని ముస్లిం చివరకు ఎక్కడికి పోతాడు? జుహాపురాకే పోతాడు. అక్కడ జనం పెరిగితే, చూశారా, అంతా ఒకచోటే గుమికూడుతున్నారని మళ్ళీ అతడినే నిందిస్తారు. ఈ దేశ పౌరుడు ఎక్కడైనా నివసించవచ్చునని, స్థిరపడవచ్చునని 19వ అధికరణం చెబుతున్నది. పొరుగువాడి మతాన్ని లెక్కకట్టి అనుమతి ఇచ్చే కార్యాలయం ముందు ఆ హక్కు ఒక దరఖాస్తుగా మారిపోయింది.

ప్రైవేటు నిరాకరణకు న్యాయస్థానం నుంచీ అండ లభించింది. అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం వ్యవహారంలో 2005లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, సభ్యత్వాన్ని ఒక వర్గానికే పరిమితం చేసుకునే ఉపనియమం చట్టవిరుద్ధం కాదని చెప్పింది. సంఖ్యలో అతి స్వల్పమైన పార్సీలు తమ ఉనికిని కాపాడుకోవాలనుకోవడం అర్థం చేసుకోదగినదే. అదే సూత్రాన్ని బలమైన వర్గాలు పాటిస్తే, నగరంలోని మంచి ఇళ్ళన్నీ ఎవరికో ముందే కేటాయింపబడినట్లవుతుంది. దుకాణాలు, హోటళ్ళు, బావులు, రహదారుల వద్ద వివక్షను 15వ అధికరణం నిషేధించింది. అద్దె ఇంటి గుమ్మం గురించి అది ప్రత్యేకంగా మాట్లాడలేదు. ఆ ఖాళీని పూరించే చట్టం ఏడున్నర దశాబ్దాలు దాటినా రాలేదు.

వేరుగా ఉంచడంతో కథ ముగిసి ఉంటే కొంత నయం. వేరుగా ఉన్నవారికి వాటా తక్కువ ఇవ్వడం దాని తరువాతి మెట్టు. నగరం తన చుట్టూ విస్తరిస్తూ పోయినా జుహాపురా చాలాకాలం నగరపాలక సంస్థ పరిధిలోకి రాలేదు. 2006–07 విస్తరణలో గానీ చేరలేదు. అంతవరకు మంచినీరు, మురుగు కాల్వలు, వీధి దీపాలు చాలామేరకు జనం సొంత ఏర్పాట్లే. పక్కనున్న వేజల్‌పూర్‌కూ జుహాపురాకూ నడుమ గోడలు లేచాయి. ఆ హద్దును జనం ‘బార్డర్’ అని పిలవసాగారు. జుహాపురాను ‘మినీ పాకిస్తాన్’ అనడం మామూలైపోయింది. ఈ నిందను హాస్యంగా తీసిపారేయడానికి వీలులేదు. ఒక పేటను శత్రుదేశమని పిలిచిన తరువాత, దానికి బస్సు వేయకపోయినా, బడి కట్టకపోయినా అడిగేవారుండరు. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ప్రతికూల మండలాలుగా గుర్తించి రుణాలు సులభంగా ఇవ్వవని సచార్ కమిటీ తన నివేదికలో రాసింది. అలా చిరునామాయే ఒక అనర్హతగా మారుతున్నది.

ఇది ఒక్క అహ్మదాబాద్ సంగతి కాదు. దేశంలోని 15 లక్షల నివాస ప్రాంతాల సమాచారాన్ని పరిశీలించి ఆర్థికవేత్తల బృందం ఒకటి 2023లో ఒక అధ్యయనం వెలువరించింది. పట్టణ ముస్లింలలో 26 శాతం మంది, 80 శాతానికి పైగా ముస్లింలే ఉన్న పేటలలో నివసిస్తున్నారని అది తేల్చింది. ఒకే నగరంలో, ముస్లింలు అసలు లేని పేటతో పోల్చితే, అందరూ ముస్లింలే ఉన్న పేటలో కుళాయి నీరు ఉండే అవకాశం 10 శాతం తక్కువ. ఉన్నత పాఠశాల ఉండే అవకాశం సగమే. ఈ చివరి వాక్యాన్ని పాఠకులు మరొకసారి చదవాలని కోరుతున్నాము. మన పిల్లలు చదువులో వెనుకబడటానికి మన ఆలోచనా ధోరణే కారణమని ఉపన్యసించేవారు, ముందుగా ఆ వీధిలో బడి ఉన్నదో లేదో చూడాలి.

జుహాపురా ప్రజలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ప్రభుత్వం కట్టని బడులను సొంతంగా కట్టారు, ఆసుపత్రులు తెరిచారు, సంస్థలు పెట్టారు. సంపన్నులు, పేదలు ఒకే పేటకు చేరడం వలన, పేదల బస్తీకి అంతకుముందు లేని పలుకుబడి కొంత వచ్చింది. ఇది గర్వించదగిన విషయమే. అయితే దీనిని చూపించి, మనకు మన పేట చాలు, ఎవరి ప్రమేయమూ అక్కరలేదని చెప్పే ధోరణి మనలోనూ తలెత్తుతున్నది. దానితో మేము ఏకీభవించలేము. గోడ మనల్ని కాపాడుతుందనిపించినా, అదే గోడ మన పిల్లలను తోటి పౌరుల నుంచి, ఉద్యోగాల నుంచి, నగర జీవితం నుంచి దూరంగా ఉంచుతుంది. అవతలివైపు పెరిగే పిల్లలకూ ముస్లిం స్నేహితుడంటూ ఉండడు. వారికి మన గురించి తెలిసేది పుకార్ల వల్ల, టీవీ చర్చల వల్ల మాత్రమే. పైగా జుహాపురాలోనూ ఖరీదైన భవనాలకూ మురికివాడలకూ మధ్య అంతరం ఉంది. మతం ఒకటైనంత మాత్రాన పేదవాడి ఇంటికి నీళ్ళు రావు.

ఇక మన ఇంటి సంగతి. 1990 నాటి కలహాల తరువాత హైదరాబాద్‌లోనూ కుటుంబాలు మిశ్రమ బస్తీలు విడిచి తమవారున్న చోట్లకు తరలాయి. పాతబస్తీ కిక్కిరిసి, దాని దక్షిణపు అంచున షాహీన్ నగర్ వంటి కొత్త కాలనీలు పెరిగాయి. అక్కడి నీటి ఎద్దడి, వానాకాలపు మురుగు, దూరంగా ఉన్న బడి గురించి చెప్పనవసరం లేదు. విజయవాడలోనైనా, గుంటూరులోనైనా, హైదరాబాద్ ఐటీ ప్రాంతంలోనైనా అద్దె ఇల్లు వెతికే ముస్లిం యువకుడికి ఎదురయ్యే మాటలు మనకు తెలిసినవే. ఫోనులో ఖాళీగా ఉన్న ఇల్లు, పేరు చెప్పగానే ‘నిన్ననే ఇచ్చేశాం’ అవుతుంది. ‘మాకు అభ్యంతరం లేదు గానీ ఇరుగుపొరుగువారు ఒప్పుకోరు’ అంటారు. ‘శాకాహారులకే’ అన్న బోర్డు కొన్నిసార్లు తిండి గురించి కాక మనిషి గురించి మాట్లాడుతుంది. దళిత సోదరులు తరతరాలుగా వింటున్నవి కూడా ఈ మాటలే. ఊరికి వెలుపల వాడ ఉండటం తెలుగు నేలకు కొత్త కాదు. అందుకే ఈ పోరాటంలో వారు మనకు సహజ మిత్రులు.

మన నగరాలు అహ్మదాబాద్ అంతగా చీలిపోలేదు. ఇప్పటికీ ఎన్నో వీధులలో రంజాన్ షీర్ ఖుర్మా, సంక్రాంతి అరిసెలు గుమ్మాలు దాటి వెళుతూనే ఉన్నాయి. ఈ స్థితిని కాపాడుకోవాలంటే మంచితనం ఒక్కటే సరిపోదు, చట్టం కావాలి. అద్దె, భూమి, సహకార సంఘాలు రాష్ట్రాల పరిధిలోని అంశాలు. కనుక కేంద్రం కోసం ఎదురుచూడకుండా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు చేయగలిగినవి ఉన్నాయి. మతం, కులం కారణంగా ఇల్లు అద్దెకు ఇవ్వకపోవడాన్ని, అమ్మకపోవడాన్ని నిషేధిస్తూ చట్టం చేయాలి. గృహనిర్మాణ సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు వివక్షతో కూడిన నియమాలు పెట్టుకోకుండా సహకార చట్టాలను సవరించాలి. ప్రభుత్వ స్థలంలో గానీ, ప్రభుత్వ రాయితీతో గానీ కట్టే ప్రతి గృహ సముదాయంలో కేటాయింపు అందరికీ తెరిచి ఉండాలి. వార్డుల వారీగా నీరు, బడి, ఆసుపత్రి, బస్సు లెక్కలను నగరపాలక సంస్థలు ఏటా ప్రకటించాలి. కేంద్రం విషయానికి వస్తే, సచార్ కమిటీ సూచించిన సమాన అవకాశాల కమిషన్‌కు ఆచార్య మాధవ మీనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం 2008లోనే రూపకల్పన చేసి ఇచ్చింది. ఆ నివేదిక ఇప్పటికీ చట్టంగా మారలేదు. మన ప్రతినిధులు దానిని సభలో గుర్తు చేయాలి.

ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి విరుద్ధం కావు: ఉన్న చోట అన్ని సౌకర్యాలు పొందే హక్కు, కోరుకున్న చోట ఉండే హక్కు. మొదటిది అడిగితే వేర్పాటువాదులమని, రెండవది అడిగితే చొరబాటుదారులమని అనేవారుంటారు. రెండింటినీ కలిపి అడగడమే దానికి సమాధానం. 1973లో సబర్మతి ఒడ్డున సర్వం కోల్పోయిన కూలివారికి, మతం చూడకుండా పక్కపక్కన ఇళ్ళు ఇవ్వడం ఒక నగరపాలక సంస్థకు సాధ్యమైంది. అప్పుడు సాధ్యమైనది ఇప్పుడు అసాధ్యమని మన పాలకులు చెప్పదలచుకుంటే, ఆ మాట బహిరంగంగా చెప్పి, కారణం కూడా చెప్పాలి.